ఎదురు కుర్చీ

మా ఆయనకి పిలిస్తే పలికే అలవాటు లేదు. పెళ్ళయిన కొత్తలో సిగ్గనుకున్నాను. తర్వాత గర్వమనుకున్నాను. ఆ తర్వాత ఏమీ అనుకోవడం మానేసి అరవడం మొదలుపెట్టాను. వంటింట్లోంచి పిలిస్తే పలకడు, పెరట్లోంచి పిలిస్తే పలకడు. తీరా ఎదురుగా వెళ్ళి నడుమ్మీద చేతులేసుకుని నిలబడితే, ఏమే ఎప్పుడొచ్చావని చల్లగా నవ్వుతాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టుందే అమ్మా అని పుట్టింటికెళ్ళినప్పుడల్లా మొత్తుకునేదాన్ని. మాట్లాడని మొగుడు దొరకడం అదృష్టమే, మీ నాన్న మాట్లాడితే నేనేం బావుకున్నాను అనేది మా అమ్మ.

ఆయన బట్టల మిల్లులో మగ్గాల మేస్త్రి. మేస్త్రి అంటే నేసేవాడు కాదు, మొరాయించిన మగ్గాన్ని దారికి తెచ్చేవాడు. ఆగిపోతున్న మగ్గం మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరికే నిలబడేవాడు. ఆ అదురులోనే ఆయనకి రోగం తెలిసేది. ఏ పట్టీ వదులైందో, ఏ చక్రం పన్ను అరిగిందో చెప్పి, పానా తీసుకుని కిందకి దూరేవాడు. చేతిలో విద్య ఉందనుకునేవాళ్ళం అందరం. చెవి చెయ్యాల్సిన పని చెయ్యి చేస్తోందని ఎవరికి తట్టింది?

నేను అదే మిల్లులో కండెలు చుట్టే గదిలో పనిచేసేదాన్ని. నూలు తెగితే ముడి వెయ్యడం, నిండిన కండె తీసి ఉత్తది పెట్టడం, అదీ నా పని. మా గదికీ మగ్గాల షెడ్డుకీ మధ్య ఒక ఇనప తలుపు. అది తెరిస్తే చాలు, చప్పుడొచ్చి గుండెల మీద కూర్చునేది. లోపల పక్కవాడు గొంతు చించుకున్నా వినబడదు. అందుకని షెడ్డువాళ్ళకి వేరే మాట ఉంది. గొంతు ఉండదు, పెదాలే. మాటని నోట్లో సాగదీసి చూపిస్తారు, చాలకపోతే ఒక చెయ్యి కలుపుతారు. ఈ చివరి మగ్గం దగ్గరున్నవాడు ఆ చివరివాడికి వాళ్ళ అత్తగారి జబ్బు సంగతి పూసగుచ్చినట్టు చెప్పగలడు. మా ఆయన నాతో అన్న మొదటి మాట కూడా ఆ ఇనప తలుపు సందులోంచే, చప్పుడు లేకుండా. ఏమన్నాడో మీకెందుకు లెండి.

మా తమ్ముడు కూడా ఆ షెడ్డులోనే. మీసం సరిగా రాకముందే చేరి, వాళ్ళ బావ చేతి కిందే పని నేర్చి, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు. మా ఇంటికొచ్చాడంటే బావా బావమరదీ ఎదురెదురుగా కూర్చుని, ఒక్క ముక్క పైకి రాకుండా గంటలు గంటలు ముచ్చట్లాడుకుని, ఉన్నట్టుండి పడీపడీ నవ్వేవాళ్ళు. నా మీదేనని నాకు తెలుసు. గరిటె పట్టుకుని వెళ్ళేసరికి ఇద్దరూ బుద్ధిమంతుల్లా గోడ వైపు చూస్తుండేవాళ్ళు.

ఇలా మా మానాన మేం బతుకుతుంటే మిల్లు చేతులు మారింది. కొత్త మగ్గాలొస్తున్నాయన్నారు. పాత షెడ్డు మూసేస్తామన్నారు. కొత్త మగ్గానికి మేస్త్రి అరచెయ్యి అక్కర్లేదట, దానికో తెర ఉంటుందట. ఏం చెడిందో అదే ఇంగ్లీషులో రాసి చూపిస్తుందట. పైన అద్దాల గదిలో కూర్చున్న ఇంజనీరు మన చెవికి తగిలించిన దాన్లోంచి ఇంగ్లీషులో చెబుతుంటే మనం కింద చెయ్యాలట. కనక ఇంగ్లీషొచ్చినవాళ్ళకే కొత్త షెడ్డు, రానివాళ్ళకి నమస్కారం. ఈ చల్లని కబురు చెప్పినవాడు మిల్లు ఆఫీసరు. చావుకబురైనా సరే, ఆ మహానుభావుడు నవ్వుతూ చెబుతాడు. ఇంగ్లీషు కూడా మిల్లే నేర్పిస్తుందన్నాడు. మాస్టర్లుండరు, కంప్యూటర్లుంటాయి. ఎవరి కంప్యూటరు వాళ్ళది, ఎవరి చదువు వాళ్ళది. ఒకరినొకరు అడక్కూడదు, ఒకరికొకరు చెప్పకూడదు. ఎవరికి వాళ్ళు నేర్చుకున్నదే చదువన్నాడు. పరీక్ష చలికాలం మొదట్లో పెడతామన్నాడు.

పాత నూలు గోదాం కడిగి, సున్నం కొట్టి, పొడుగ్గా ఒక బల్ల వేసి, బల్లకి రెండు పక్కలా కంప్యూటర్లు పెట్టారు. ఈ పక్కన కూర్చున్నవాడికి తెర మీదుగా ఆ పక్కవాడి మొహం కనిపిస్తుంది. ఒక్కొక్కదానికీ తలకి తగిలించుకునే చెవిగొట్టాలు. కాపలాకి ఒక అమ్మాయిని పెట్టారు. ఆమెని మేమందరం కంప్యూటరమ్మ అనేవాళ్ళం. పాఠం చెప్పడం ఆమె పని కాదు, మిషను ఆగిపోతే మళ్ళీ ఆడించడం, మాట్లాడేవాళ్ళని కసరడం. మొదటివారం ఆమె ఆఫీసరు దగ్గరికెళ్ళి, ఇంత నిశ్శబ్దంగా చదువుకునేవాళ్ళని నా జన్మలో చూడలేదండీ అని మురిసిపోయిందట. ఆ మాట విని మగ్గాలవాళ్ళు కడుపుబ్బా నవ్వుకున్నారు. గది నిశ్శబ్దంగా ఉన్న మాట నిజమే. ఆమె తల తిప్పితే చాలు, తెరల మీదుగా పెదాలతో సంత నడిచేది. ఎవరింట్లో ఏం గొడవ, ఎవరు ఎవరి సైకిలు తీసుకెళ్ళారు, అన్నీ అక్కడే తేలేవి.

మా ఆయనకి చదువు మీద అంత ఆశ ఉందని నాకు తెలీదు. బడి మొహం చూసింది తక్కువ. అలాంటిది నెల తిరక్కుండా అక్షరాలు పట్టేశాడు. తెర మీద పానా బొమ్మ వస్తే పేరు నొక్కేవాడు, పట్టీ బొమ్మ వస్తే పేరు నొక్కేవాడు. సరిగ్గా నొక్కితే పచ్చ గుర్తు, తప్పయితే ఎర్ర గుర్తు. ఇంటికొచ్చి, ఇవాళ అన్నీ పచ్చేనే అని చంటిపిల్లాడిలా చెప్పేవాడు. నడివయసులో మొగుడు అలా మురిసిపోతుంటే ముచ్చటేసింది. అబద్ధమెందుకు, నా దిష్టే తగిలిందేమో.

చదివే పాఠాలయ్యాక వినే పాఠాలు. చెవిగొట్టంలోంచి ఒక గొంతు ఒక మాట చెబుతుంది, తెర మీద నాలుగు బొమ్మలుంటాయి, గొంతు చెప్పిన బొమ్మని నొక్కాలి. సరిపడా పచ్చ గుర్తులు పడితేనే తర్వాతి పాఠం తెరుచుకుంటుంది. లేకపోతే దాని మీద తాళం బొమ్మ అలాగే వేలాడుతుంది. మా ఆయన ఆ తాళం దగ్గర ఆగిపోయాడు. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు. రోజూ ఎర్రే. చెవిగొట్టం పాడైందన్నాడు, కంప్యూటరమ్మ మార్చింది. కుర్చీ బాలేదన్నాడు, వేరే చోట కూర్చోబెట్టింది. ఇంటికొచ్చి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చునేవాడు. నాకు ఒళ్ళు మండేది. చదివే పాఠాలన్నీ చదివినవాడు వినడానికి బద్ధకిస్తున్నాడనుకున్నాను. పాత షెడ్డులో పీకెయ్యాల్సిన మగ్గాలకి అప్పటికే గుర్తులు పెడుతున్నారు. ఈయనేమో తాళం బొమ్మ చూసుకుంటూ కూర్చున్నాడు.

ఒకరోజు భోజనం డబ్బా మర్చిపోయి వెళ్ళాడు. ఇవ్వడానికి గోదాం దగ్గరికెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపల్నించి ఎవరో ఇంగ్లీషులో కేకలేస్తున్నట్టు వినబడింది. ఎవరా అని తొంగి చూస్తే మనిషి కాదు. మా ఆయన చెవులకున్న గొట్టం. గొంతు అంత పెద్దదిగా పెట్టాడు, గుమ్మం దాకా ఖంగుమంటోంది. ఆయన మాత్రం రెండు చేతులతో గొట్టాలు చెవులకేసి నొక్కుకుని, కళ్ళు చిట్లించుకుని, కంప్యూటరమ్మతో, ఇందులో గొంతు రావట్లేదమ్మా అంటున్నాడు.

డబ్బా అక్కడే గట్టు మీద పెట్టి బయట నిలబడ్డాను. సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికి బయల్దేరాం. నేను కావాలని రెండడుగులు వెనకపడ్డాను. ఏమయ్యా అన్నాను. పలుకు లేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. లేదు. అప్పుడు, పెళ్ళైన దగ్గర్నించీ ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఒకటుంది, ఒరేయ్ గాడిదా అని కేకేశాను. రోడ్డుకి అవతల సోడా కొట్టువాడు ఉలిక్కిపడి నా వైపు చూశాడు. మా ఆయన చేతిలో సంచీ ఊపుకుంటూ నడుస్తూనే ఉన్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇంట్లో ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను, నీకు చెవులు వినబడవా అని. కోపమొచ్చింది ఆయనకి. వినబడకపోతే నువ్వు వాగేదంతా ఎలా తెలుస్తోందే అన్నాడు. ఆయన అబద్ధమాడట్లేదు. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళందరూ పెదాలతోనే మాట్లాడేవాళ్ళు. ఎదురుగా ఉన్నవాళ్ళు చెప్పేదంతా ఆయనకి అందుతూనే ఉంది. చెవి ఎప్పుడు తప్పుకుందో, కన్ను ఎప్పుడు దాని పని నెత్తినేసుకుందో ఆయనకే తెలీదు. నేను పైట తీసి నోటికడ్డం పెట్టుకున్నాను. నీ పేరేంటి అనడిగాను. ఆయన నా పైట వైపు చూస్తున్నాడు. పిల్లలెంతమంది అనడిగాను. ఇంటికప్పు కూలిపోతోందన్నాను. ఆయన మొహంలో కోపం మెల్లమెల్లగా కరిగిపోయి భయం వచ్చి కూర్చుంది.

"పైట తియ్యవే," అన్నాడు. "తియ్యి. నువ్వు కనబడట్లేదు."

పైట తీసేసరికి నా కళ్ళు ధారలు కడుతున్నాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని ఎన్నేళ్ళు దెప్పానో ఈయన్ని. ఎవరో శాపం పెట్టినట్టు అదే నిజమై ఇంట్లో కూర్చుంది.

మిల్లు డాక్టరు దగ్గరికెళ్దామన్నాను. వద్దన్నాడు. వద్దనడానికి కారణముంది. అంతకుముందు షెడ్డులో ఒక పెద్దాయన, చెవుల్లో హోరుమంటోందని డాక్టరుకి చెప్పుకున్నాడు. పరీక్ష చేసి, మిషన్ల దగ్గర పనికిరాడని రాసి ఇంటికి పంపేశారు. గేటు కాపలాకైనా పెట్టుకోండి బాబూ అని వేడుకుంటే, కాపలావాడికి చెవులే కదయ్యా ముఖ్యం అన్నాడట ఆఫీసరు, నవ్వుతూ. చెప్తే పని పోతుంది, చెప్పకపోతే ఇంగ్లీషు తప్పి పని పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా ఆయనకి ఆ షెడ్డు తప్ప ఇంకో లోకం తెలీదు. సెలవురోజున కూడా పొద్దున్నే లేచి అటే నడిచేవాడు, సగం దూరం వెళ్ళి గుర్తొచ్చి వెనక్కొచ్చేవాడు. ఆ మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఏమైపోతాడోనని నాకు వణుకు.

రెండ్రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. కండెలు చుడుతూ ఇనప తలుపు వైపు చూస్తుంటే తట్టింది. ఈయనకి గొంతు అక్కర్లేదు, మొహం కావాలి. కంప్యూటరులో ఉన్నది గొంతే, దానికి మొహం లేదు. సరే, ఆ మొహమేదో నేనే అవుతాను.

ఆఫీసరు దగ్గరికెళ్ళి నేను కూడా ఇంగ్లీషు నేర్చుకుంటానన్నాను. కండెల గది ఆడవాళ్ళకి బలవంతం లేదు, ఇష్టమైతే చేరొచ్చన్నారు. నా వెనక ఇంకో నలుగురైదుగురు చేరారు. బల్లకి ఈ పక్క ఆడవాళ్ళం, ఆ పక్క మగ్గాలవాళ్ళు. నేను ముందే పరుగెత్తుకెళ్ళి మా ఆయనకి ఎదురు కుర్చీ పట్టుకున్నాను. ఆయన పక్కన మా తమ్ముడు. ఏంటక్కా, మొగుణ్ణి చూడకుండా ఒక పూటైనా ఉండలేవా అని పెదాలతో వెక్కిరించాడు. నోర్ముయ్యరా అని నేనూ పెదాలతోనే తిట్టాను.

ఇద్దరం ఒకే పాఠం ఒకేసారి తెరిచేవాళ్ళం. నా చెవిలో గొంతు ఒక మాట చెబుతుంది. నేను దాన్ని చప్పుడు లేకుండా పెదాలతో సాగదీసి ఆయనకి చూపిస్తాను. ఆయన చూసి బొమ్మ నొక్కుతాడు. చెప్పినంత తేలికేం కాదు. ముందు నాకు అర్థమై చావాలిగా. మొదట్లో ఆ గొంతు నోట్లో వక్క పెట్టుకుని మాట్లాడినట్టుండేది. విన్నదే మళ్ళీ విని, విన్నదే మళ్ళీ విని, మెల్లగా ఒక్కొక్క మాటా విడివడింది. ఎక్కడ పెదాలు మూయాలో, ఎక్కడ నాలిక పంటికి తగలాలో అద్దం ముందు నిలబడి సాధన చేశాను. స్టాప్. బెల్ట్ ఈజ్ లూజ్. కాల్ మీ. కూర తరుగుతూ అవే, బట్టలు ఉతుకుతూ అవే. పక్కింటావిడ నాకేదో గాలి సోకిందనుకుంది. వెనకెప్పుడో బళ్ళో మాస్టారు ఈ మొద్దుకి చదువెక్కదని తేల్చేసిన నాకు, ఎవరూ నేర్పకుండా, ఎవరూ తిట్టకుండా, ఆ పెట్టె ముందు కూర్చుంటే ఇంగ్లీషు రావడం మొదలైంది. నాకోసం కాదు గానీ, వస్తుంటే బాగానే ఉండేది.

ఆయన తాళం ఊడింది. తర్వాతి తాళమూ ఊడింది. పచ్చ పడ్డప్పుడల్లా తెర మీదుగా కళ్ళెగరేసేవాడు. ఆయనకొచ్చిన ఇంగ్లీషంతా నా మొహమ్మీద చదివిందే. కొత్త షెడ్డులో చెవికి గొట్టం తగిలిస్తే ఏం చేస్తావయ్యా అని ఒకసారి అడిగాను. ముందు లోపలికి పోనీవే, తర్వాత చూసుకుందాం అన్నాడు. నేనూ అంతకుమించి ఆలోచించలేదు. మునిగిపోయేవాడు ఒడ్డు ఎంత దూరమని కొలవడు.

పరీక్షనాడు అందరినీ మామూలు కుర్చీల్లోనే కూర్చోబెట్టారు, ఆ ఒక్క దయ చూపించాడు దేవుడు. ఆరోజు ఎవరి పాఠం వాళ్ళు తెరవక్కర్లేదు, కంప్యూటరమ్మ బల్ల దగ్గర్నించి ఒకే గొంతు అందరి చెవుల్లోకీ ఒకేసారి వస్తుందన్నారు. ఆఫీసరు కూడా వచ్చాడు. మగ్గాలవాళ్ళ వీపుల వెనక, గోడకానుకుని నిలబడ్డాడు. చదివే పరీక్ష అయిపోయింది. మా ఆయన బాగా చేశాడని మొహంలోనే తెలుస్తోంది. తర్వాత వినేది. చెవిగొట్టాలు తగిలించుకోమన్నారు. తెర మీద నాలుగు బొమ్మలొచ్చాయి. ఆయన బొమ్మల వైపు కాదు, నా నోటి వైపు చూస్తున్నాడు.

నా చెవిలో ఏమీ లేదు.

కాసేపు ఆగాను. బొమ్మలు మారాయి. గొంతు రాలేదు. ఏమైందని ఆయన పెదాలు కదిపాడు. సౌండు రావట్లేదు, ఉండమని నేను పెదాలు కదిపాను. నా పక్కనున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెవిగొట్టాలు తీసి తట్టి చూస్తున్నారు. ఒకామె చెయ్యెత్తి, అమ్మా ఇందులో ఏం వినబడట్లేదంది. ఇంకొకామె నాకూ లేదంది. కంప్యూటరమ్మ లేచి తన బల్ల కిందకి వంగింది. తీగ ఊడిపోయి ఉంది. ఎవరి చెవిలోకీ ఏమీ వెళ్ళట్లేదు.

అప్పుడు అందరం చూశాం. బల్లకి అవతల, మా ఆయన తప్ప ఆ వరసంతా పరీక్ష రాస్తోంది. తలలు వంచుకుని, కనుబొమ్మలు ముడేసుకుని, మధ్యమధ్యలో అర్థమైనట్టు తలలూపుతూ, బొమ్మలు నొక్కుతున్నారు. బొమ్మలు మారగానే మళ్ళీ నొక్కుతున్నారు. గొట్టాన్ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంటున్నారు. ఒక్క చెయ్యి కూడా పైకి లేవలేదు. ఆ వరసలో మా తమ్ముడున్నాడు. ఇంత వయసొచ్చినా నిన్నటి పిల్లాడిలా నాలిక బయటపెట్టి, లేని గొంతుని వింటున్నాడు. ఒక్కొక్కడూ తాళం దగ్గరే ఆగిన సంగతి దాచుకుని, తనొక్కడికే ఈ గతి పట్టిందనుకున్నాడు. ఒకరి పక్కన ఒకరు కూర్చుని, పెదాలతో లోకంలో కబుర్లన్నీ చెప్పుకున్నవాళ్ళు, ఈ ఒక్క మాట చెప్పుకోలేదు.

కంప్యూటరమ్మ ఏదో అనబోయింది. ఆఫీసరు చెయ్యి చూపించి ఆపాడు. మా ఆడవాళ్ళ వైపు చూసి, కదలొద్దన్నట్టు అరచెయ్యి ఎత్తాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది. మగ్గాలవాళ్ళ వెనకే నిలబడి, మామూలు గొంతుతో, మనం మనం మాట్లాడుకున్నట్టే అన్నాడు.

"కొత్త షెడ్డులో పని కావాలన్నవాళ్ళు లేచి నిలబడండి."

ఒక్కరూ లేవలేదు. ఆ పని కోసం వానలో తడుస్తూ వచ్చి అక్షరాలు దిద్దినవాళ్ళు, ఆ పని పోతే ఏం చెయ్యాలో తెలియనివాళ్ళు, తలలైనా ఎత్తలేదు. నా పక్కావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నా మొగుడు నా మొహం వైపే చూస్తున్నాడు. నాకు ఇంకేం కనబడలేదు. తమ్ముడూ కనబడలేదు, ఎత్తిన ఆ అరచెయ్యీ కనబడలేదు. లే, నిలబడు అని పెదాలు కదిపాను. తొందరగా లే.

ఆయన లేచి నిలబడ్డాడు.

భేష్ మేస్త్రీ అని ఆఫీసరు వెనకనించి అన్నాడు. ఆయన తిరగలేదు. వెనక్కి తిరుగు అని మళ్ళీ పెదాలు కదిపాను. తిరిగాడు. ఆఫీసరుని చూశాడు. నీకు వినబడుతోందన్నమాట, నువ్వొచ్చి ఇటు నిలబడు అన్నాడు ఆఫీసరు, మొహమ్మీదే. అది ఆయనకి అందింది. ఒక్కడుగు అటు వేస్తే చాలు. ఆయన తన వరస వైపు చూశాడు. వంగిన తలలు చూశాడు. తన మోచేతి పక్కనే, ఏమీ లేని గొట్టాన్ని అదుముకుంటున్న బావమరిదిని చూశాడు. బల్ల దగ్గర ఊడిన తీగ పట్టుకుని నిలబడ్డ కంప్యూటరమ్మని చూశాడు. ఆయనకి అంతా అర్థమవడం నేను కళ్ళారా చూశాను. వద్దు వద్దు అని నేను పెదాలు కదుపుతూనే ఉన్నాను, కానీ ఆయన నా వైపు చూడట్లేదు.

"నాకూ వినబడలేదు సార్," అన్నాడు గొంతెత్తి, గోదామంతా అదిరేలా. "మా ఆవిడ చెప్పింది. మీ మగ్గాల కింద పోయాయి మా చెవులు."

అని కూర్చున్నాడు.

వాళ్ళ కాగితాల్లో చెవుల మాట ఎక్కడా లేదు. చెవులని రాస్తే ఎవరి మగ్గాలవల్ల పోయాయో కూడా రాయాలి. ఇంగ్లీషు రాలేదు అని రాశారు, ఆ వరస మొత్తానికి. మగ్గాలవాళ్ళు కూడా నోరెత్తలేదు. చెవిటివాళ్ళనిపించుకోవడం కన్నా ఇంగ్లీషు రానివాళ్ళనిపించుకోవడమే నయమనిపించింది వాళ్ళకి. ఇంకోచోట పని వెతుక్కోవాలిగా. పైగా మేస్త్రి పరువు తీశాడని మా ఆయన మీదే కొందరు మొహాలు తిప్పుకున్నారు. మొహం తిప్పుకోవడమంటే వాళ్ళలో మాటలాపేయడమే, వేరే అక్కర్లేదు. మా తమ్ముడు మాత్రం వచ్చి వాళ్ళ బావ పక్కన అరుగు మీద కూర్చుని, కూర్చుని, లేచి వెళ్ళిపోయాడు.

ఆరోజు ఇంటికి నడుస్తూ నేను ఆయన వెనకే నడిచాను. దారిపొడుగునా తిట్టాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఆ బలం పెట్టుకుని ఏం తింటావన్నాను. నా నోరు నొప్పెట్టేదాకా నేర్చుకున్నానే, నాలిక తిరక్కపోతే అద్దం ముందు ఏడ్చానే, ఒక్క అడుగు, ఒక్కటంటే ఒక్క అడుగు వెయ్యలేకపోయావా అన్నాను. అన్నీ ఆయన వీపుకే చెప్పుకున్నాను. వీపు వింటూ నడిచింది. గుమ్మం దగ్గర ఆయన వెనక్కి తిరిగి, నా నోరు ఇంకా కదులుతుంటే చూశాడు.

"నువ్వు కూర్చుంటే వాళ్ళకేం ఒరిగిందయ్యా?" అన్నాను, ఈసారి ఎదురుగా.

"ఏం ఒరగలేదు," అన్నాడు. "వాళ్ళెవరూ లేకుండా లోపల నేనొక్కణ్ణే ఉంటే, నాతో మాట్లాడేదెవరే?"

నేను లోపలికెళ్ళి పొయ్యి ముట్టించాను.

తీగ బాగుచేసి ఆడవాళ్ళకి మళ్ళీ పరీక్ష పెట్టారు. నేను రాయనన్నాను. రాయమన్నాడాయన. ఇల్లెలా గడుస్తుందన్నాడు. రాశాను. అన్నీ పచ్చే. కొత్త షెడ్డులో తెర దగ్గర నిలబెట్టారు నన్ను, మేస్త్రి ఉండాల్సిన చోట. పానా పట్టుకోవడం రాని దాన్ని.

కొత్త షెడ్డులో చప్పుడు తక్కువ. మనుషులు దూరందూరంగా నిలబడతారు, ఎవరి తెర వాళ్ళది, ఎవరి గొట్టం వాళ్ళది. ఎవరూ ఎవరి మొహమూ చూడరు. మొదటిరోజు అద్దాల గదిలోంచి గొంతొచ్చింది. ఏ మగ్గం ఆగిందో, ఏం చూడాలో చెప్పింది. ఒక్క మాట కూడా పోకుండా అంతా అర్థమైంది నాకు. చెయ్యాల్సింది చెయ్యకుండా నిలబడిపోయేసరికి గొంతు చెప్పిందే మళ్ళీ చెప్పింది, ఈసారి కొంచెం విసుగ్గా. అప్పుడు చూసుకున్నాను. చెవిలో పడ్డ ప్రతి మాటనీ నేను పెదాలతో సాగదీసి, చప్పుడు లేకుండా, ఎదురుగా చూపిస్తున్నాను. ఎదురుగా మగ్గముంది.